ఛార్జింగ్ ఎక్కనప్పుడు వద్దన్నది ఎవరు?

సభికులందరికీ నమస్కారం.

ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ తగిలించి, తెర మూలనున్న బ్యాటరీ గుర్తు వైపు చూసి, ఎంతసేపటికీ ఆ ఛార్జింగ్ శాతం అంకె కదలకపోవడం మీలో చాలామంది గమనించే ఉంటారు. ఆ క్షణంలో మన నోటి వెంట వచ్చే మాట ఒకటే: "బ్యాటరీ పోయింది." ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ మాట గురించే. అది నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ పరీక్షించకుండానే అనేయడం వల్ల ఎన్నో మంచి బ్యాటరీలు చెత్తలోకి పోతున్నాయి. లోపం మరెక్కడో ఉన్న యంత్రాల్లోకి కొత్త బ్యాటరీలు చేరుతున్నాయి.

నేను కూడా ఆ తప్పు చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థిని, పరీక్షలు దగ్గర పడ్డ రోజుల్లో, తన ల్యాప్‌టాప్ నా దగ్గరకు తెచ్చింది. ఛార్జర్ తగిలించి ఉంటే యంత్రం నడుస్తోంది, తీస్తే వెంటనే ఆగిపోతోంది. మూడేళ్లు వాడిన యంత్రం కదా అని, రెండో ఆలోచన లేకుండా బ్యాటరీ మార్చమని చెప్పాను. ఆ అమ్మాయి మార్పించుకుంది. కొత్త బ్యాటరీకి కూడా ఛార్జింగ్ ఎక్కలేదు. అప్పుడు మాత్రమే నేను అడాప్టర్ కొనను దీపం కింద పెట్టి చూశాను. ఆ గుండ్రటి గొట్టం మధ్యలో నిటారుగా నిలబడవలసిన, సూదికన్నా కొంచెమే లావున్న పిన్ను ఒక పక్కకు వంగి గోడకు ఆనుకుని ఉంది. వేరే అడాప్టర్ తగిలించగానే అంకె కదలడం మొదలైంది. తీసేసిన పాత బ్యాటరీని తిరిగి పెట్టి చూస్తే దానికీ ఛార్జింగ్ ఎక్కింది. ఆ వంగిన పిన్ను నాకు నేర్పిన విషయం చుట్టూనే ఈ ప్రసంగమంతా తిరుగుతుంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు జాగ్రత్త మాట ఒకటి చెప్పాలి. ఏ పరీక్షకూ పూనుకోకముందే ల్యాప్‌టాప్‌ను మూసి, చదునైన బల్ల మీద పెట్టి, మీ కళ్లను బల్ల ఎత్తుకు దించి పక్క నుంచి చూడండి. నాలుగు మూలలూ బల్లకు ఆనుతున్నాయా, లేక అడుగుభాగం మధ్యలో ఉబ్బి యంత్రం ఊగుతోందా? టచ్‌ప్యాడ్ ఒక అంచున పైకి లేచిందా, నొక్కితే కదలనంత బిగుసుకుపోయిందా? మూత సరిగ్గా పడక సందు కనిపిస్తోందా? వీటిలో ఏది కనబడినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుట్టినప్పుడు, బ్యాటరీ లోపల శక్తిని నిల్వ చేసే, రేకు సంచిలో మూసి ఉన్న సెల్ దిండులా ఉబ్బుతుంది. అటువంటి బ్యాటరీకి ఛార్జింగ్ ఎందుకు ఎక్కడం లేదని ఇక పరిశోధించనక్కరలేదు, ఎక్కించే ప్రయత్నమే చేయకూడదు. యంత్రాన్ని ఆపి, ఛార్జర్ తీసేసి, ఉబ్బును చేత్తో నొక్కకుండా, సూదితో పొడవకుండా, మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి, తెలిసినవారిచేత తీయించాలి. దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. ఈ విషయంలో ఎవరు తొందర పెట్టినా వినకండి.

ఉబ్బు లేదని తేలాక అసలు ప్రశ్నకు వద్దాం. నీటి ట్యాంకుకు గొట్టం పెట్టినట్టు, కరెంటు గోడ నుంచి నేరుగా బ్యాటరీలోకి పారుతుందని మనలో ఒక ఊహ ఉంది. ల్యాప్‌టాప్ విషయంలో అది తప్పు. ఇక్కడ ముగ్గురు ఒప్పుకుంటేనే ఛార్జింగ్ మొదలవుతుంది. మొదటిది అడాప్టర్: నేను ఇంత శక్తి ఇవ్వగలను అని అది చెప్పాలి. రెండోది మదర్‌బోర్డు మీద ఉండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు. విండోస్‌తోగానీ లినక్స్‌తోగానీ పని లేకుండా, యంత్రం ఆపి ఉన్నప్పుడు కూడా, ఛార్జింగ్ వ్యవహారమంతా అదే నడుపుతుంది. మూడోది బ్యాటరీ. బ్యాటరీ అంటే కేవలం సెల్స్ కాదు. దాని ప్యాక్‌లోనే ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఎంత ఛార్జ్ మిగిలింది, ఒక్కొక్క సెల్ వోల్టేజీ ఎంత, వేడి ఎంత అని అది ఎప్పటికప్పుడు కొలుస్తూ కంట్రోలర్‌కు చెబుతూ ఉంటుంది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా తెర మీద మనకు కనిపించే ఫలితం ఒక్కటే, అంకె కదలదు. అందుకే "బ్యాటరీ పోయిందా?" అని కాకుండా "వద్దన్నది ఎవరు?" అని అడగడం నేర్చుకోవాలి.

అడాప్టర్‌తో మొదలుపెడదాం. గోడ ప్లగ్గులో వేరే వస్తువు ఏదైనా పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడడం అరనిమిషం పని. చాలామంది అది చేయరు, చేయండి. గుండ్రటి పిన్ను ఉన్న పాత తరహా అడాప్టర్ సాధారణంగా 19 లేదా 19.5 వోల్టులు ఇస్తుంది, ఆ సంఖ్య దాని మీదే ముద్రించి ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే అంతే రావడం మంచి సూచనే అయినా అదే తుది సాక్ష్యం కాదు, ఎందుకంటే ఏ భారమూ లేనప్పుడు సరైన వోల్టేజీ చూపించి, ల్యాప్‌టాప్‌కు తగిలించగానే కూలబడిపోయే అడాప్టర్లు ఉంటాయి. నేను చెప్పిన మధ్య పిన్ను సంగతి ఇక్కడే వస్తుంది. కొన్ని కంపెనీల అడాప్టర్లలో శక్తి అంతా గొట్టం లోపలి, బయటి గోడల నుంచే వస్తుంది. మధ్యలోని సన్నటి పిన్ను కేవలం గుర్తింపు సమాచారం అందించడానికే ఉంటుంది. అది వంగినా, తీగ లోపల తెగినా, అడాప్టర్ ఎన్ని వాట్లు ఇవ్వగలదో కంట్రోలర్‌కు తెలియదు. తెలియనప్పుడు అది జాగ్రత్త వైపే మొగ్గుతుంది. యంత్రాన్ని నెమ్మదిగా నడవనిస్తుంది, బ్యాటరీకి మాత్రం ఛార్జింగ్ ఆపేస్తుంది. అటువంటి ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే అడాప్టర్ రకాన్ని గుర్తించలేకపోతున్నామని ఒక హెచ్చరిక వస్తుంది. మనం దాన్ని చదవకుండా ఏదో ఒక మీట నొక్కి దాటేస్తాం. దయచేసి చదవండి.

యూఎస్‌బీ-సీ తీగతో ఛార్జింగ్ చేసుకునే యంత్రాల్లో ఈ సంభాషణ ఇంకా స్పష్టంగా జరుగుతుంది. తగిలించిన క్షణంలో ఛార్జర్ 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత తాను ఇవ్వగల వోల్టేజీలను, సాధారణంగా 5, 9, 15, 20 వోల్టులను, వరుసగా చెబుతుంది. వాటిలో తనకు కావలసినది ల్యాప్‌టాప్ ఎంచుకుంటుంది. ఫోన్‌తో వచ్చిన చిన్న ఛార్జర్‌లో 20 వోల్టులు ఉండకపోవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ దాన్ని పూర్తిగా తిరస్కరించవచ్చు, లేదా నెమ్మదిగా ఛార్జ్ అవుతోందని చెప్పి సరిపెట్టుకోవచ్చు. తీగ పాత్ర కూడా తక్కువేమీ కాదు. మామూలు యూఎస్‌బీ-సీ తీగ 3 ఆంపియర్లకే పరిమితం, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే తీగ కొనలో తన సామర్థ్యాన్ని చెప్పుకునే చిన్న చిప్పు ఉండాలి. ఈ ఛార్జింగ్ ప్రమాణానికి 2021లో వచ్చిన సవరణతో 240 వాట్ల దాకా వెళ్లవచ్చు గానీ, అందుకు ఛార్జరు, తీగ, యంత్రం మూడూ దానికి తగినవై ఉండాలి. చూడడానికి అన్ని తీగలూ ఒకేలా ఉంటాయి. పైగా యంత్రం మీదున్న ప్రతి యూఎస్‌బీ-సీ రంధ్రమూ ఛార్జింగ్ తీసుకోదు, కొన్ని డేటాకు మాత్రమే. రెండు పక్కలా రంధ్రాలుంటే రెండోదాంట్లో పెట్టి చూడాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. మీ అడాప్టర్ 45 వాట్లు ఇస్తోంది, మీరు చేస్తున్న పనికి యంత్రం 50 వాట్లు తాగుతోంది అనుకోండి. కొరవడిన 5 వాట్లు బ్యాటరీయే ఇవ్వాలి. ఛార్జర్ తగిలించి ఉండగానే అంకె తగ్గుతూ పోతుంది. బ్యాటరీలో గానీ అడాప్టర్‌లో గానీ ఏ లోపమూ లేకుండానే ఇది జరుగుతుంది. దీన్ని తేల్చుకోవడానికి నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్మే పరీక్ష ఒకటుంది: అంకె ఎంతో కాగితం మీద రాసుకుని, యంత్రాన్ని పూర్తిగా షట్‌డౌన్ చేసి, అరగంటసేపు ఛార్జర్‌కు తగిలించి వదిలేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. అంకె పెరిగిందంటే ముగ్గురి మధ్య ఒప్పందం కుదురుతోందన్నమాట. సరఫరా చాలకపోవడమో, లోపలి సాఫ్ట్‌వేరో కారణమవుతుంది. పెరగలేదంటే అన్వేషణ కొనసాగించాలి.

రంధ్రాన్ని కూడా ఒకసారి దగ్గరగా చూడండి. ఫోన్ టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే, యూఎస్‌బీ-సీ రంధ్రం అడుగున బూడిద రంగు పొర ఒకటి కొన్నిసార్లు కనిపిస్తుంది. సంచిలో మోసినప్పుడు చేరిన నూలుపోగులు, ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ లోపలికి కూరుకుపోయి, అట్టముక్కలా గట్టిపడతాయి. ప్లగ్గు పూర్తిగా దిగినట్టే అనిపిస్తుంది, కానీ ఒక వెంట్రుక మందం బయటే ఆగిపోతుంది, చేయి తగిలితే ఛార్జింగ్ వచ్చి పోతుంటుంది. యంత్రం ఆపి, ఛార్జర్ తీసి, సన్నటి చెక్కపుల్లతో అంచుల వెంట నెమ్మదిగా ఆ పోగులను బయటకు లాగాలి. పిన్నీసు, సూది వంటి లోహపు వస్తువులు వాడవద్దు; రంధ్రం నడుమనున్న నాలుకలాంటి పలక మీద కరెంటు అందుకునే సన్నటి లోహపు పట్టీలు చాలా సున్నితమైనవి.

ఇక రెండో పాత్రధారి, కంట్రోలర్ దగ్గరకు వద్దాం. అది వద్దనడానికి అత్యంత సాధారణమైన కారణం మనమే ఎప్పుడో ఇచ్చిన ఆజ్ఞ కావచ్చు. అంకె 60 దగ్గరో 80 దగ్గరో కచ్చితంగా ఆగిపోతుంటే, అది రోగం కాదు, పథ్యం. లెనోవో యంత్రాల్లో కన్జర్వేషన్ మోడ్ అనీ, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అనీ, ఆపిల్‌లో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్ అనీ ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయి. నిండా ఛార్జ్ అయిన లిథియం అయాన్ సెల్ దాదాపు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఎప్పుడూ ఆ ఎత్తున, అందులోనూ వేడిలో నిలబెడితే అది త్వరగా ముసలిదవుతుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే యంత్రానికి 80 దగ్గర ఆపడం మేలు చేసే ఏర్పాటు. అటువంటి ఏర్పాటు లేకపోయినా, చాలా యంత్రాలు ఒకసారి నిండాక 95కో 96కో దిగేదాకా మళ్లీ ఛార్జింగ్ మొదలుపెట్టవు. 97 దగ్గర నిలిచిపోయిందని కంగారు పడవలసిన పని లేదు.

కంట్రోలర్ నిజంగానే తికమక పడే సందర్భాలూ ఉంటాయి. అది కూడా ప్రోగ్రాం నడుపుకునే చిప్పే. యంత్రాన్ని రీస్టార్ట్ చేసినా దానికి విశ్రాంతి దొరకదు, ఎందుకంటే కరెంటు అందినంతసేపూ అది మెలకువగానే ఉంటుంది. యంత్రాన్ని షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే దాన్నీ తీసి, పవర్ మీటను అరనిమిషంసేపు నొక్కి పట్టుకోవడం దాన్ని పూర్తిగా ఆపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించే పద్ధతి. బ్యాటరీ లోపలే ఉండే కొన్ని నమూనాల్లో అడుగున సూదిమొన పట్టేంత రంధ్రం ఇందుకోసమే ఉంటుంది. మీ నమూనా పద్ధతి ఏదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్యాటరీల కింద ఉన్న ఏసీపీఐ బ్యాటరీ పరికరాన్ని తొలగించి రీస్టార్ట్ చేస్తే అది తిరిగి దానంతట అదే చేరుతుంది. ఇది విండోస్ వైపు పొరపాటును సరిచేస్తుందే తప్ప కంట్రోలర్‌ను తాకదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల చాలామంది మొదటిది వదిలేసి, రెండోది పదిసార్లు చేస్తుంటారు.

మూడో పాత్రధారి బ్యాటరీ. అది వద్దన్నప్పుడు సాధారణంగా తనను, మనలను కాపాడడానికే వద్దంటుంది. దాని మొదటి అభ్యంతరం వేడి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అడుగునున్న గాలి రంధ్రాలు మూసుకుపోయి లోపల వేడి పేరుకుంటుంది. సెల్ ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాపుకు వచ్చేసరికి చాలా ప్యాక్‌లు ఛార్జింగ్‌ను తగ్గించడమో ఆపడమో చేస్తాయి. చల్లటి గట్టి బల్ల మీదకు మార్చి ఒక గంట ఆగితే అంకె కదులుతుంది. 0 డిగ్రీల దిగువన కూడా అవి ఒప్పుకోవు, దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1970ల్లో స్టాన్లీ విటింగ్‌హామ్ రూపొందించిన, తిరిగి ఛార్జ్ చేయగల తొలితరం లిథియం సెల్స్‌లో ఒక ధ్రువం లిథియం లోహంతోనే ఉండేది. ఛార్జ్ చేసిన కొద్దీ ఆ లోహం మీద ముళ్లలాంటి మొలకలు పెరిగి, ఎదుటి ధ్రువాన్ని తాకి షార్ట్ అయ్యేది. 1980లో జాన్ గుడినఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ ధ్రువాన్ని చూపారు. 1985లో అకీరా యోషినో లోహానికి బదులు కార్బన్ పదార్థాన్ని వాడి, లోహ లిథియం అవసరమే లేని సెల్ చేశారు. 1991లో సోనీ దాన్ని బజారులోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు కార్బన్ పొరల్లోకి వేగంగా చొరబడలేక, పైనే లోహంగా పేరుకుంటాయి. అంత శ్రమపడి వదిలించుకున్న ఆ పాత ప్రమాదాన్నే మళ్లీ పిలిచినట్టవుతుంది. బ్యాటరీ చిప్పు వద్దనేది అందుకే. చలిలోంచి తెచ్చిన యంత్రాన్ని గది వేడికి రానిచ్చి, ఆ తర్వాత ఛార్జర్ పెట్టండి.

రెండో అభ్యంతరం, పూర్తిగా ఎండిపోవడం. నెలల తరబడి బీరువాలో మరిచిపోయిన ల్యాప్‌టాప్ బ్యాటరీ నెమ్మదిగా తనంతట తానే ఖాళీ అవుతుంది. సెల్ వోల్టేజీ ఒక హద్దు దాటి పడిపోతే, ఛార్జింగ్ సర్క్యూట్ మొదట చాలా కొద్ది కరెంటుతో దాన్ని లేపడానికి చూస్తుంది. ఆ దశలో తెర మీద 0 తప్ప ఏమీ కనబడదు. కాబట్టి అలాంటి యంత్రాన్ని పది నిమిషాల్లోనే చచ్చిపోయిందని తేల్చకండి, కొన్ని గంటలసేపు మీ కళ్ల ముందు ఛార్జర్‌కు ఉంచి చూడండి. మరీ కిందకు పడిపోతే ప్యాక్ తనను తాను శాశ్వతంగా మూసేసుకోవచ్చు. ఆ తాళాన్ని విప్పే చిట్కాలు, బయటి నుంచి తీగలు కలిపి సెల్స్‌కు నేరుగా కరెంటు ఇచ్చే పద్ధతులు చాలామంది చూపిస్తుంటారు. వాటి జోలికి వెళ్లవద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఆ తాళం పడిందంటే లోపలి సెల్స్ నమ్మదగినవి కావని దాని అర్థం.

బ్యాటరీ ఏమంటోందో దాని మాటల్లోనే వినడానికి ఒక మార్గం ఉంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి ఎంటర్ నొక్కితే, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక నివేదిక తయారవుతుంది. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని పవర్ విభాగంలో బ్యాటరీ స్థితి గురించిన సమాచారం ఉంటుంది. విండోస్ నివేదికలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు వరుసలు వెతకండి. మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 41,000 అని ఉంటే, బ్యాటరీకి పుట్టినప్పటి బలంలో 82 శాతం మిగిలిందన్నమాట. రెండోది 18,000 అయితే అది ముసలిదే. అయితే ముసలితనం వేరు, ఛార్జింగ్ ఎక్కకపోవడం వేరు. ముసలి బ్యాటరీకి ఛార్జింగ్ త్వరగా ఎక్కి త్వరగా దిగిపోతుంది. అసలు ఎక్కకపోవడం దాని ప్రధాన లక్షణం కాదు. నివేదికలో బ్యాటరీయే కనబడకపోతే ప్యాక్ కనెక్టరు ఊడిందనో, ప్యాక్ చిప్పు పలకడం లేదనో అనుమానించాలి. యంత్రం కింద పడిన తర్వాతో, ఎవరైనా విప్పి మూసిన తర్వాతో మొదలైన సమస్య అయితే కనెక్టరు మీదే నా మొదటి అనుమానం.

ఇవన్నీ చూశాక, తెలిసిన మరో మంచి అడాప్టర్‌తోనూ ఎక్కకపోతే, బ్యాటరీ నివేదిక బాగానే ఉంటే, మిగిలింది మదర్‌బోర్డు. ఛార్జింగ్ సాకెట్ అతుకు ఊడి ఉండవచ్చు, ఛార్జింగ్ చిప్పో, దాని పక్కనున్న ఫ్యూజో కాలి ఉండవచ్చు. అది పరికరాలు, అనుభవం ఉన్న చేతుల పని. అక్కడికి వెళ్లేటప్పుడు "బ్యాటరీ పోయింది, మార్చండి" అనకండి. మీరు చూసినవి కాగితం మీద రాసి ఇవ్వండి: అంకె ఏ దగ్గర ఆగుతోంది, షట్‌డౌన్ చేసి ఉంచితే పెరిగిందా, వేరే అడాప్టర్‌తో ఏమైంది, నివేదికలోని ఆ రెండు సంఖ్యలు ఎంత, ఆన్ చేసేటప్పుడు ఏ హెచ్చరిక వచ్చింది. ఒకవేళ బ్యాటరీయే మార్చవలసి వస్తే, యంత్రం పేరు చూసి కాకుండా పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజీ చూసి సరిపోల్చి కొనండి.

మీలో కొందరు ఛార్జింగ్ ఎక్కని ల్యాప్‌టాప్‌లు ఇక్కడికి తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. ఒక్కొక్కటిగా చూద్దాం. ఉబ్బినట్టు కనిపించేవి ఏవైనా ఉంటే, ప్లగ్గులో పెట్టకుండా నాకు ముందుగా చెప్పండి. మిగతావారు ల్యాప్‌టాప్‌తో పాటు అడాప్టర్, తీగ కూడా బల్ల మీద పెట్టండి. వాటి కొనల నుంచే మొదలుపెడదాం.